పులస గోదారి నీళ్ళు తాగదు

కిందటేడు వరద రోజుల్లో మా ఇంట్లో పులస పులుసు పెట్టారు. ఆరో తరగతి చదివే మా మేనకోడలు శన (చేప గుడ్ల) ముక్క చేత్తో పట్టుకుని, "మామయ్యా, ఇందులో ఎన్ని పిల్లలుంటాయి? అన్నిటినీ తినేసినట్టేనా?" అంది. తినేటప్పుడు అలాంటి మాటలేంటని మా అక్క కసిరింది. నాకు ముద్ద దిగలేదని అబద్ధం చెప్పను, బాగానే దిగింది, ప్రశ్న మాత్రం ఉండిపోయింది.

కోడిని పెంచుతాం, చెరువు చేపనీ పెంచుతాం. పులసని ఎవరూ పెంచరు. మన భాషే ఆ సంగతి దాచకుండా చెబుతుంది, పడవ కట్టుకుని వెళ్ళేవాళ్ళు "వేటకి వెళ్తున్నాం" అనే అంటారు. వలస పక్షిని కొడితే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది, కాబట్టి డెల్టాలో మనలో చాలామంది తినే వేటమాంసం ఏదన్నా ఉంటే అది ఇదే.

సముద్రంలో విలస, గోదారి ఎక్కితే పులస. రెండూ ఒకటే, బెంగాలీల ఇలిష్ కూడా అదే: టెనువాలోసా ఇలిషా. గోదారి నీళ్ళు తాగి దానికా రుచి వస్తుందని మా తాతల నుంచీ అనుకుంటున్నాం. తమాషా ఏంటంటే, నదిలోకొచ్చాక అది నీళ్ళు తాగడం దాదాపు మానేస్తుంది.

సముద్రపు నీటిలో లీటరుకి 35 గ్రాముల ఉప్పు. చేప నెత్తుటిలో ఇంచుమించు అందులో మూడో వంతు. వరద గోదారిలో అర గ్రాము కూడా ఉండదు. సముద్రంలో ఉన్న చేప అవస్థ వేసవిలో, గోదారి సముద్రంలో కలిసే అంతర్వేది వైపు, కాలవ శివారు రైతుది: ఉప్పు లోపలికి ఎగదన్నుతుంది, మంచినీళ్ళు నిలవవు. అందుకని ఆ ఉప్పునీళ్ళే తాగి, ఉప్పుని మొప్పల గుండా బయటికి తోడేస్తుంది. నది ఎక్కేసరికి అదే రైతుకి జులై వచ్చిందన్నమాట, చేను మునుగుతోంది, నీరు బయటికి పోవాలి, వేసిన ఎరువు మాత్రం కొట్టుకుపోకూడదు. అప్పుడు చేప పల్చటి మూత్రం తెగ పోస్తుంది, మొప్పలు ఆ కాస్త ఉప్పునీ నీళ్ళలోంచి ఏరి లోపలికి లాగుతాయి. తూము అదే, తలుపులు అటుది ఇటు తిప్పి బిగించారు.

ఇది ఉత్త పోలిక కాదు. మొప్పల్లో, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు కిక్కిరిసిన కణాలుంటాయి, వాటిలో సోడియం-పొటాషియం పంపు. కణానికి ఇంధనమైన ఏటీపీ ఒక్క అణువు ఖర్చుకి 3 సోడియం అయాన్లు కణం బయటికి, 2 పొటాషియం లోపలికి. 1957లో దీన్ని బయటపెట్టిన జెన్స్ స్కౌకి 1997లో నోబెల్ వచ్చింది. ఈ పంపు సముద్రంలోనూ నదిలోనూ కణానికి నెత్తుటి వైపున్న గోడకే, ఒకే దిక్కుగా ఉంటుంది, నీటి వైపున్న రెండో గోడలోని దారులే మారతాయి. సముద్రంలో క్లోరైడ్ బయటికి పోయే దారి తెరిచి ఉంటుంది, నదిలో అది మూసుకుని సోడియం లోపలికొచ్చే దారులు తెరుచుకుంటాయి. పల్చటి పొర గుండా నీరు చిక్కటి ద్రావణం వైపు పోవడాన్ని, అంటే ద్రవాభిసరణని, బడిలో ఎండుద్రాక్షతో చెప్పి ముగిస్తారు. గోదారి జిల్లాల పిల్లలకి ఎండుద్రాక్ష ఎందుకో!

ఈ పంపుకి ఇంధనం కావాలి, ఎదురీతకీ శనకీ కూడా. నదిలో తిండి బాగా తగ్గిస్తుంది కాబట్టి సముద్రంలోనే కొవ్వు కూడబెట్టుకొస్తుంది. మట్టిదాకలో పైకి తేలే ఆ నూనె దాని దారి ఖర్చు. పుస్తెలమ్మి అయినా తినాలన్నది దాన్నే.

ఇక మా పిల్ల లెక్క. ఒక్క శన పులసలో లక్షల గుడ్లుంటాయి. కానీ చేపల సంఖ్య పెరగకుండా తగ్గకుండా ఉండాలంటే ఒక తల్లి జీవితమంతా పెట్టిన గుడ్లలో సగటున రెండే పెద్దవి కావాలి, మిగతావి ఎవరు తిన్నా తినకపోయినా పోయేవే. కాబట్టి లక్షల పిల్లల్ని తిన్న పాపం మనకి లేదు. నష్టం తల్లితోనే. అన్ని గండాలూ దాటి, తలుపులు తిప్పుకుని, రేపో మాపో గుడ్లు పెట్టబోయే చేప అది. పసిఫిక్ సాల్మన్ చేపలా ఒక్కసారితో ఆగదు, సముద్రానికి తిరిగెళ్ళి మళ్ళీ రాగలదు కూడా. ఆ తిరుగు ప్రయాణంలో చిక్కితే నాకింత బాధ లేదు, కానీ శన పోయాక దాన్ని ఎవరు కొంటారు?

పైగా 1852 నుంచీ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట అడ్డం. ఎక్కడ చేరుతుందో మనకి తెలుసు, వల అక్కడే వేస్తాం. తూర్పు తీరంలో మరపడవల వేటకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు నిషేధం, పులస ఎర్రనీటితో వచ్చేది జులై నుంచి. బంగ్లాదేశ్‌లో అయితే గుడ్లు పెట్టే అదను చూసి అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు ఇలిష్ వేట ఆపేసి, జాలరి కుటుంబాలకి బియ్యం ఇస్తున్నారు. బియ్యం ఇవ్వకుండా ఆపమంటే అది తినేవాడి నీతి, వలవాడి ఆకలి.

ఈ ఏడు యానాంలో గొడ్డు పులస అడిగాను, అంటే మగది. "అందరూ శన పులసంటారు, గొడ్డు పులస అడిగిన మనిషిని మిమ్మల్నే చూశానండి" అని నవ్వుతూ తూచి ఇచ్చిందావిడ. పక్కనున్న శన పులస నా వెనక నిలబడ్డాయన సంచిలోకి వెళ్ళింది.