టౌరాసీ ఆ వేసవి ఎందుకు ఆడలేదు

2015 ఫిబ్రవరిలో డయానా టౌరాసీ తన జట్టు ఫీనిక్స్ మెర్క్యురీ అభిమానులకు ఒక బహిరంగ లేఖ రాసింది. ఆ ఏడాది అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో ఆడబోవడం లేదన్నది దాని సారాంశం. గాయం కాలేదు, జట్టుతో గొడవా లేదు. అయిదు నెలల కిందటే ఆ జట్టుకు టైటిల్ సాధించిపెట్టి, ఫైనల్స్‌లో ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది కూడా. అసలు సంగతేమిటంటే, చలికాలంలో ఆమె ఆడే రష్యా క్లబ్బు యూఎంఎంసీ ఎకటెరిన్‌బర్గ్ ఆమెను వేసవిలో విశ్రాంతి తీసుకోమంది. అమెరికాలో వచ్చే జీతం కంటే ఎక్కువే తాను ఇస్తానంది. రష్యాలో ఆమెకు ఏడాదికి సుమారు 15 లక్షల డాలర్లు ముట్టేవి. సొంత దేశంలో నిబంధనలు అనుమతించే గరిష్ఠ జీతం దాదాపు లక్షా 7 వేల డాలర్లు. ఆ లెక్క చూశాక ఆమెను తప్పుపట్టడానికి చాలామందికి నోరు రాలేదు.

ఈ వ్యవహారం మూలాలు లీగ్ పుట్టుకలోనే ఉన్నాయి. 1997లో పురుషుల లీగ్ ఎన్‌బీఏ అండతో మొదలైన డబ్ల్యూఎన్‌బీఏకు వేసవిని కేటాయించారు. అప్పుడు మగవాళ్ల ఆటలుండవు, స్టేడియాలు ఖాళీగా ఉంటాయి. ఇలా నాలుగైదు నెలల్లో ముగిసిపోయే ఆటకు జీతాలు కూడా ఆ మేరకే కట్టారు. చలికాలమంతా చేతిలో ఆట లేని క్రీడాకారిణులు ఇటలీకో, టర్కీకో, రష్యాకో విమానం ఎక్కేవారు. వేసవిలో మళ్లీ ఇంటికి. ఏడాది పొడవునా ఆటే, ఒంటికి విరామమన్నదే లేదు.

2004లో ఈ చక్రంలోకి అడుగుపెట్టిన టౌరాసీ అప్పటికే పేరు మోసిన గార్డు, అంటే బంతిని నడిపిస్తూ దూరం నుంచి గురిపెట్టే క్రీడాకారిణి. అర్జెంటీనా నుంచి వలస వచ్చిన కుటుంబంలో, కాలిఫోర్నియాలోని చీనోలో పెరిగింది. కనెక్టికట్ విశ్వవిద్యాలయానికి వరుసగా మూడేళ్లు జాతీయ టైటిళ్లు అందించింది. మూడు పాయింట్ల గీతకు రెండడుగులు వెనక నుంచే బంతి వేసి, అది రింగులో పడకముందే వెనక్కి తిరిగిపోయే రకం. జట్లు వంతులవారీగా కొత్తవాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో మొట్టమొదట ఆమెనే ఎంచుకున్నారు. అంతటి క్రీడాకారిణి కూడా మరుసటి ఏడాదికల్లా మాస్కోలో తేలింది.

మాస్కోలో ఆమె రెండో క్లబ్బు స్పార్టక్. యజమాని షబ్తాయ్ కల్మనోవిచ్. సోవియట్ గూఢచారిగా ఇజ్రాయెల్‌లో జైలుశిక్ష అనుభవించి, తర్వాత రష్యాలో వ్యాపారిగా ఎదిగినవాడు. టౌరాసీకి, ఆమె స్నేహితురాలు, మరో గార్డు సూ బర్డ్‌కు పెద్ద బంగళా, కారు, డ్రైవరు ఏర్పాటు చేశాడు. స్పార్టక్ 2007 నుంచి 2010 దాకా యూరప్ క్లబ్బుల పోటీ యూరోలీగ్‌ను వరుసగా నాలుగుసార్లు గెలిచింది. ఆ నాలుగో టైటిల్ చూడడానికి కల్మనోవిచ్ లేడు. 2009 నవంబరులో మాస్కో నడిబొడ్డున కారులో వెళుతుండగా దుండగులు కాల్చి చంపారు.

మార్కెట్ ఎంత విలువ కడితే అంతే జీతం వస్తుందని వాదించేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. రష్యాలో ఆ సొమ్ము టికెట్ల అమ్మకం మీద వచ్చింది కాదు. ధనవంతుల సరదా, పరపతి కోసం పెట్టిన ఖర్చు అది. అలాగని అమెరికా జీతమే అసలైన వెల అనడానికీ లేదు. తన ఆదాయంలో సగం దాకా ఆటగాళ్లకు పంచే ఎన్‌బీఏ నీడలో పెరుగుతున్న లీగ్‌లో మహిళల వాటా దానికి దరిదాపుల్లో కూడా లేదు.

పరాయి దేశంలో డబ్బుతోపాటు తలనొప్పులూ ఉండేవి. 2010 చివర్లో టర్కీ క్లబ్బు ఫెనర్‌బాచెకు ఆడుతున్నప్పుడు, అంకారా ల్యాబు టౌరాసీ నమూనాలో మొడాఫినిల్ అనే నిషిద్ధ మందు ఉందని తేల్చింది. క్లబ్బు ఒప్పందం రద్దు చేసుకుంది. కొద్ది వారాలకే ల్యాబు ఆ నివేదికను వెనక్కి తీసుకోవడంతో ఆమె మీద మచ్చ తొలగింది, కానీ ఆ సీజన్ మాత్రం పోయింది.

2015 లేఖ లీగ్‌ను కదిలించిందనడంలో సందేహం అక్కర్లేదు. అయితే ఆ కదలికకు అయిదేళ్లు పట్టింది. లీగ్‌కూ క్రీడాకారిణుల సంఘానికీ కుదిరిన 2020 ఒప్పందంలో గరిష్ఠ జీతం 2,15,000 డాలర్లకు చేరింది. దాంతోపాటు ఒక మెలికా పెట్టారు. కొంత అనుభవం గడించిన క్రీడాకారిణి విదేశం నుంచి వేళకు తిరిగి రాకపోతే ముందు జరిమానా, తర్వాతి ఏళ్లలో సీజన్ మొత్తం వేటు. జీతాలు రష్యా స్థాయికి చేరలేదు గానీ రష్యా దారిని మాత్రం ఇరుకు చేశారు. ప్రయాణాల విషయంలోనూ ఇదే తీరు. జట్టును 2021లో ప్రత్యేక విమానాల్లో తిప్పినందుకు న్యూయార్క్ లిబర్టీకి 5 లక్షల డాలర్ల జరిమానా పడింది. మిగతా జట్లకు లేని సౌకర్యం పొందారన్నది నేరం. ఆరడుగులు దాటిన మనుషులను మామూలు విమానంలో ఇరుకు సీట్లలో కుక్కడమే న్యాయమనుకున్న లీగ్ అది.

రష్యా దారి పూర్తిగా మూసుకుపోయింది మాత్రం 2022 ఫిబ్రవరిలో. మెర్క్యురీలోనూ ఎకటెరిన్‌బర్గ్‌లోనూ టౌరాసీతో కలిసి ఆడిన బ్రిట్నీ గ్రైనర్‌ను, అదే రష్యా క్లబ్బుకు ఆడడానికి వెళుతుండగా, గంజాయి నూనె ఉన్న గొట్టాలు సామానులో దొరికాయంటూ మాస్కో విమానాశ్రయంలో పట్టుకున్నారు. తొమ్మిదేళ్ల శిక్ష వేశారు. డిసెంబరులో ఆయుధ వ్యాపారి విక్టర్ బౌట్‌ను అమెరికా అప్పగించాక గానీ ఆమెను వదల్లేదు.

ఆ తర్వాతి పరిణామాలు చకచకా జరిగిపోయాయి. 2024లో కాలేజీ ఆటతోనే పేరు తెచ్చుకున్న కెయిట్లిన్ క్లార్క్ లీగ్‌లోకి వచ్చింది, స్టేడియాలు కిక్కిరిశాయి. అయినా కొత్త గార్డుగా ఆమె తొలి ఏడాది జీతం 76,535 డాలర్లే. అదే ఏడాది అన్ని జట్లకూ ప్రత్యేక విమానాలు వచ్చాయి. 11 ఏళ్లకు 220 కోట్ల డాలర్ల టీవీ ఒప్పందం కుదిరింది. అక్టోబరులో క్రీడాకారిణుల సంఘం పాత జీతాల ఒప్పందం నుంచి ముందుగానే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. 2025 జనవరిలో డబ్ల్యూఎన్‌బీఏ క్రీడాకారిణులు బ్రియానా స్టీవర్ట్, నఫీసా కోలియర్ స్థాపించిన అన్‌రైవల్డ్ లీగ్ మయామీ దగ్గర మొదలైంది. చలికాలంలో ఇంటి దగ్గరే ఆట, డబ్ల్యూఎన్‌బీఏ గరిష్ఠ జీతానికి దగ్గరగా వచ్చే సగటు జీతం, పైగా యాజమాన్యంలో వాటా.

టౌరాసీ ఆ లీగ్‌లో ఆడలేదు. అది మొదలైన నెలకే, 42 ఏళ్ల వయసులో, 10,646 పాయింట్లతో లీగ్ చరిత్రలోనే అగ్రస్థానంలో ఉండగా, ఆరు ఒలింపిక్ స్వర్ణాలతో రిటైరైంది. ఆ జూలైలో ఇండియానాపోలిస్‌లో లీగ్ మేటి క్రీడాకారిణులు తలపడే ఆల్‌స్టార్ ఆటకు ముందు క్లార్క్‌తో సహా క్రీడాకారిణులంతా తమకు రావలసింది ఇవ్వాలని రాసి ఉన్న చొక్కాలు వేసుకుని మైదానంలోకి వచ్చారు.