తాబేలు గుడ్లకు ఇసుక: అపోహలు - వాస్తవాలు

ఆలివ్ రిడ్లే సముద్ర తాబేళ్ల హ్యాచరీ (ఒడ్డున పెట్టిన గుడ్లను తెచ్చి, గోతుల్లో పూడ్చి, పిల్లలయ్యేదాకా కాపాడే చోటు) పనికి కొత్తగా వచ్చేవాళ్లు కంచె గురించి, కుక్కల గురించి అడుగుతారు గానీ ఇసుక గురించి అడగరు. 45 నుంచి 60 రోజులు గుడ్లు ఉండాల్సింది అందులోనే.

అపోహ: ఇసుక ఎంత మెత్తగా ఉంటే అంత మంచిది.

వాస్తవం: పెంకులోంచి గాలి ఆడితేనే పిండం బతుకుతుంది. ఒక్కో గూట్లో వంద గుడ్ల దాకా ఉంటాయి, చివరి రోజుల్లో వాటికి ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. ఒండ్రు కలిసిన మెత్తటి ఇసుక తడిస్తే బిగుసుకుపోతుంది. ఎక్కడినుంచో జల్లించి తేనక్కర్లేదు, పోటు నీళ్లు అందని ఎత్తులో ఆ తీరం ఇసుకే చాలు.

అపోహ: రోజూ నీళ్లు చల్లాలి.

వాస్తవం: మంచి మనసుతో చేసే ఈ పనే గుడ్లను చంపేస్తుంది. రేణువుల మధ్య నీళ్లు నిండితే గాలికి చోటెక్కడ? తేమను పైపైన కాదు, గుడ్లుండే అడుగున్నర లోతులో చూడాలి. అక్కడి ఇసుక గుప్పెట్లో బిగించండి. ముద్ద కట్టాలి, నీళ్లు మాత్రం కారకూడదు. గొయ్యి గోడలు జారిపోతుంటే ఇసుక పొడిగా ఉన్నట్టే. పైనున్న పొడి పొరను చేత్తో పక్కకు లాగేసి, అప్పుడు కూజాలా తవ్వాలి: మెడ సన్నగా, అడుగు వెడల్పుగా. పూడ్చేటప్పుడు అడుగు నుంచి తీసిన తడి ఇసుకే ముందు గుడ్ల మీద పడాలి. ఈ ఒక్కటి దయచేసి మర్చిపోకండి, పొడి ఇసుక గుడ్లలోని తేమను లాగేస్తుంది.

అపోహ: ఇసుక రంగుతో పనేంటి?

వాస్తవం: భీమిలి, శ్రీకాకుళం తీరాల్లో ఇల్మెనైట్ అనే నల్లటి ఖనిజం కలిసిన నల్ల ఇసుక ఉంది. అది ఎండకు త్వరగా వేడెక్కుతుంది. పిల్ల ఆడదో మగదో తేల్చేది గూటి వేడే. సుమారు 30 డిగ్రీలు దాటేకొద్దీ ఆడవి పెరుగుతాయి, మరీ ఎక్కువైతే పిండాలే చనిపోతాయి. గుడ్ల లోతులో థర్మామీటర్ పెట్టండి, పైన నీడ వేయండి.

అపోహ: పోయినేడాది చోటే వాడుకోవచ్చు.

వాస్తవం: వద్దు. కుళ్లిన గుడ్ల బూజు, బాక్టీరియా అందులో మిగిలే ఉంటాయి. చోటు మార్చండి, కుదరకపోతే గూటి లోతు వరకు ఇసుక మార్చండి.

కొండచిలువల పెంపకం వీడియోలు చూసి వర్మిక్యులైట్ (తేమను పట్టి ఉంచే తేలికపాటి ఖనిజపు రవ్వ) వాడదామా అని కుర్రాళ్లు అడుగుతున్నారు. డబ్బాలో పెట్టే గుడ్లకు అది బాగానే పనిచేస్తుంది. తాబేలు పిల్లలు మాత్రం పెంకు చీల్చాక గుంపుగా కదులుతూ, నెత్తి మీది ఇసుకను కిందికి రాల్చుకుంటూ, రెండు మూడు రోజులు పైకి ఎక్కాలి. దానికి కావాల్సింది ఒడ్డు ఇసుకే.