పాత స్లాబు కంకరతో కొత్త కాంక్రీటు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఏ పాత కాలనీకి వెళ్ళినా ఇప్పుడు ఇదే కనిపిస్తుంది. ముప్పై నలభై ఏళ్ళ కిందట కట్టుకున్న ఇంటిని కూల్చేసి అపార్ట్‌మెంటు లేపుతున్నారు. కూల్చిన శిథిలాలు రాత్రికి రాత్రి లారీ ఎక్కి ఏ చెరువు గట్టుకో, ఎవరిదో ఖాళీ ప్లాటుకో చేరుతున్నాయి. అదే స్థలంలో పోసే కొత్త కాంక్రీటు కోసం ఊరవతల ఒక గుట్ట కరిగిపోతోంది. కాంక్రీటు క్వాలిటీ కంట్రోల్ నా పని. శిథిలాలు తీసుకుపోయే లారీ, కంకర తెచ్చే లారీ ఒకే గేటు దగ్గర ఎదురుపడటం చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. ఆ శిథిలాల్నే పగలగొట్టి తీసే రీసైకిల్డ్ కంకర మాట ఎత్తగానే సైట్లలో వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి నాకు తెలిసిన జవాబులు ఇవి.

అపోహ: “శిథిలాలతో కాంక్రీటుకి కోడ్ ఒప్పుకోదు.”

ఒప్పుకుంటుంది. కాంక్రీటు కంకరకు మన దేశంలో ప్రమాణం ఐఎస్ 383. 1970 నాటి కోడ్ పేరులోనే ‘సహజ వనరుల నుంచి’ అని ఉండేది. 2016లో సవరించినప్పుడు ఆ మాట తీసేశారు. పేరులోంచి మూడు ముక్కలు పోవడమే అనుకోకండి, రీసైకిల్డ్ కంకరకు తలుపు తెరుచుకుంది అక్కడే.

అయితే ఆ తలుపు అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. కోడ్ రెండు రకాల్ని వేరుగా చూస్తుంది. స్లాబులు, బీములు, పిల్లర్లు లాంటి కాంక్రీటును మాత్రమే పగలగొట్టి తీసింది ఆర్‌సీఏ (రీసైకిల్డ్ కాంక్రీట్ అగ్రిగేట్). ఇటుక, టైల్, ప్లాస్టరింగ్, రాయి అన్నీ కలిసిపోయిన శిథిలాల నుంచి తీసింది ఆర్‌ఏ (రీసైకిల్డ్ అగ్రిగేట్). కంకరలో ఆర్‌సీఏ వాటా కడ్డీ లేని మామూలు కాంక్రీటులో 25 శాతం వరకు ఉండొచ్చు. కడ్డీ వేసే ఆర్‌సీసీలో 20 శాతం వరకు, అదీ ఎం25 గ్రేడు దాకా మాత్రమే (ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ కాంక్రీటు బలం ఎక్కువ). ఎం15 కంటే తక్కువ గ్రేడు లీన్ కాంక్రీటులో, అంటే పునాది ఫుటింగ్ కింద వేసే బెడ్ లాంటి వాటిలో, నూటికి నూరు శాతం వాడుకోవచ్చు. కలగాపులగంగా ఉండే ఆర్‌ఏకి చోటు ఆ లీన్ కాంక్రీటులోనే, ఆర్‌సీసీలో అసలు లేదు. మీ అపార్ట్‌మెంటు పిల్లర్లకు డిజైనర్ ఎం30 ఇచ్చి ఉంటే ఆ పిల్లర్లలోకి ఈ కంకర రాకూడదు. అదే బిల్డింగులో ఫుటింగ్ కింది లీన్ కాంక్రీటు బెడ్ మొత్తం దీంతోనే వేయొచ్చు.

అపోహ: “మా ఇల్లు కొట్టిన ముక్కలే సుత్తితో చితక్కొట్టి కాంక్రీటు కలిపే మిల్లర్‌లో వేసేస్తే సరి.”

ఇది మంచి మనసుతో చేసే తప్పు. అలా కొట్టిన దాంట్లో మట్టి ఉంటుంది, చెక్క ముక్కలుంటాయి, ఇటుక పొడి ఉంటుంది. అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేది ఫాల్స్ సీలింగ్ పీఓపీ. అది జిప్సం. కాంక్రీటులోకి పోయిన జిప్సం సిమెంటుతో చర్య జరిపి లోపల ఉబ్బుతుంది, కొన్నాళ్ళకు పగుళ్ళు బయటపడతాయి. జల్లెడ పట్టి, కడిగి, ఇనుము అయస్కాంతంతో లాగి, తేలికైన చెత్తను వేరుచేసే ప్లాంటు నుంచి వచ్చిందే వాడాలి. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో ఇలాంటి ప్లాంట్లు ఉన్నాయి, ఒక్కోటి రోజుకు 500 టన్నుల సామర్థ్యంతో పెట్టినవి. ప్లాంటు నుంచి వచ్చినా టెస్ట్ రిపోర్టు అడగండి.

అపోహ: “కంకర కంకరే. మిక్స్ మార్చక్కర్లేదు.”

అసలు గొడవంతా ఇక్కడే. ఒక చిన్న పని చేసి చూడండి. గాజు గ్లాసులో నీళ్ళు పోసి, ఎండిన ఆర్‌సీఏ ముక్క ఒకటి వేయండి. రాతికి అంటుకుని ఉన్న బూడిదరంగు పాత గారలోంచి సన్నని బుడగలు వరసగా పైకి వస్తాయి. కాసేపటికి ఆగుతాయి. గ్రానైట్ కంకర వేస్తే ఇంత హడావుడి ఉండదు. ఆ బుడగల చోటల్లా నీళ్ళు లోపలికి పోయాయన్నమాట.

గ్రానైట్ కంకర సాధారణంగా తన బరువులో ఒక శాతం, అంతకంటే తక్కువే నీరు పీలుస్తుంది. ఆర్‌సీఏ నాలుగు, ఆరు శాతం కూడా పీల్చేస్తుంది. కోడ్ మామూలుగా 5 శాతం దాకా ఒప్పుకుంటుంది. రీసైకిల్డ్ కంకరను ముందే తడిపి వాడితే 10 శాతం దాకా సరే అంటుంది. ఇక లెక్క చూద్దాం. ఒక ఘనపు మీటరు కాంక్రీటులో కంకర సుమారు 1100 కిలోలు అనుకోండి. అందులో 20 శాతం, అంటే 220 కిలోలు ఆర్‌సీఏ. ఆరు శాతం చొప్పున 13 లీటర్ల నీరు దాని కడుపులోకి పోతుంది. కంకర మొత్తం ఆర్‌సీఏనే వేస్తే 66 లీటర్లు. మిక్స్‌లో పోసే మొత్తం నీరే 160 లీటర్లు అయినప్పుడు ఇది చిన్న సంగతి కాదు.

సైటులో జరిగేది ఇలా ఉంటుంది. కాంక్రీటు అరగంటకే బిగుసుకుంటుంది. మేస్త్రీ వచ్చి, “సార్, గట్టిపడిపోతోంది, ఒక్క బకెట్టు పోయిస్తా” అంటాడు. ఎండలో మాడిన కుప్పలోని కంకరకు ఆ బకెట్టు సరిపోవచ్చు కూడా. కానీ ముందురోజు వాన పడి కంకర అప్పటికే కడుపునిండా తాగి ఉంటే? అదే 16 లీటర్ల బకెట్టు మొత్తం సిమెంటులోకే పోతుంది. 320 కిలోల సిమెంటుకు 160 లీటర్లు అనుకున్న చోట 176 అవుతాయి, నీరు-సిమెంటు నిష్పత్తి 0.50 నుంచి 0.55కి ఎక్కుతుంది. అది ఎక్కితే బలం దిగుతుంది. ఒక సైటులో నేను చూసిందీ ఇదే. ఎండరోజు తీసిన క్యూబులు, అంటే బలం పరీక్షకు పోసే కాంక్రీటు దిమ్మెలు, దర్జాగా పాసయ్యాయి. వాన తర్వాతి రోజువి ఏడు రోజులకే తేలిపోయాయి. కంకర అదే, సిమెంటు అదే, మనుషులూ వాళ్ళే. అందరూ కంకరని తిట్టారు. నేను ఆ బకెట్టునే తప్పుపట్టాను.

మందు కష్టమైనదేం కాదు. ముందురోజు సాయంత్రమే కుప్పకు నీళ్ళు కొట్టి, పైన గోనెపట్టా కప్పండి. పొద్దున్నకి అదనపు నీరు కిందికి దిగిపోతుంది. ముక్క చేతిలోకి తీసుకుంటే చల్లగా, చెమ్మగా ఉండాలి, పైన నీరు మెరవకూడదు. బ్యాచింగ్‌కు, అంటే సరుకులు కొలిచి కలపడానికి, ముందు తేమ కొలవండి. పని సాగడానికి నీళ్ళు కాదు, నీరు పెంచకుండానే కాంక్రీటును జారుగా చేసే ప్లాస్టిసైజర్ వాడండి.

అపోహ: “బలం సగానికి పడిపోతుంది.”

20, 30 శాతం దాకా కలిపినప్పుడు, నీటి లెక్క సరిగ్గా ఉంటే, క్యూబు బలంలో తేడా పెద్దగా కనపడదు. మొత్తం మార్చేస్తే తగ్గుతుంది, సగానికి మాత్రం కాదు. సింగపూర్‌లో శామ్వో సంస్థ 2010లో కట్టుకున్న మూడంతస్తుల భవనంలో కొంత భాగానికి 100 శాతం రీసైకిల్డ్ కంకర దాకా వెళ్ళారు. నిజంగా ఆలోచించాల్సింది క్యూబు గురించి కాదు. పాత గార మెత్తన కాబట్టి బరువు పడితే కాంక్రీటు ఎక్కువగా వంగుతుంది, ఆరేటప్పుడు ఎక్కువ కుంచించుకుపోతుంది. పొడవాటి బీము, బాల్కనీ లాంటి చోట్ల బలం చాలినా వంపు ఎక్కువ కావొచ్చు. కోడ్ పెట్టిన 20 శాతం గీతను అందుకే గౌరవిస్తాను.

అపోహ: “పాత సిమెంటు మళ్ళీ పట్టుకుంటుంది, కొత్త సిమెంటు తగ్గించొచ్చు.”

వద్దు. ఆ పొడిలో మిగిలిన బలం నమ్ముకునేంత లేదు. పైగా 4.75 మి.మీ. కంటే సన్నటి పొడి కంకర కన్నా ఇంకా ఎక్కువ నీరు తాగుతుంది. ఇసుక బదులు దాన్ని వాడటానికి కోడ్‌లో వీలున్నా, ఆర్‌సీసీలో నేను వాడను.

అపోహ: “కడ్డీ తుప్పు పడుతుంది.”

దీనికి జవాబు కూల్చిన బిల్డింగ్ ఎక్కడిదో చెబుతుంది. విశాఖ బీచ్ పక్కన ముప్పై ఏళ్ళు నిలబడ్డ కాంక్రీటులో ఉప్పు చేరి ఉండొచ్చు. ఆ ఉప్పులోని క్లోరైడే కడ్డీకి తుప్పు పట్టిస్తుంది. కాంక్రీటు కట్టడాల కోడ్ ఐఎస్ 456 ప్రకారం ఆర్‌సీసీలో క్లోరైడు ఘనపు మీటరుకు 0.6 కిలో దాటకూడదు. అందుకే క్లోరైడు పరీక్ష చేయించకుండా తీరప్రాంతపు శిథిలాల కంకర వాడకండి. ఊరి లోపలి పొడి బిల్డింగుల నుంచి వచ్చిన దానికి ఈ భయం తక్కువ, పరీక్ష మాత్రం మానొద్దు.

అపోహ: “ఇది వాడితే కార్బన్ బాగా తగ్గిపోతుంది.”

ఈ మాట ప్రేమతో అంటారు కానీ లెక్క అలా లేదు. కాంక్రీటు కార్బన్‌లో సింహభాగం సిమెంటుది, కంకరది చాలా కొద్ది. బలం పోతుందన్న భయంతో ఇంకో అరబస్తా సిమెంటు వేస్తే, మిగిలిందంతా అక్కడే ఖర్చవుతుంది. ఐదారు పదుల కిలోమీటర్ల నుంచి లారీలో తెచ్చినా అంతే. దీనివల్ల అసలు మిగిలేది గుట్ట, పూడిపోకుండా ఉండేది చెరువు. నాకు ఆ రెండూ చాలు.

ఇల్లు కూల్చే పని త్వరలో ఉన్నవాళ్ళకి ఒక్క మాట. జేసీబీ రాకముందే ఫాల్స్ సీలింగ్, కిటికీలు, టైల్స్, చెక్క విడిగా దించేయించండి. ఇటుక గోడలు ఒక కుప్ప, స్లాబులూ బీములూ ఇంకో కుప్ప పోయించండి. కూలీ రెండు మూడు రోజులు ఎక్కువ పడుతుంది. అలా వేరుచేసిన కాంక్రీటు కుప్ప ప్లాంటుకి వెళ్తే ఆర్‌సీఏ అవుతుంది. అన్నీ కలిపి ఒకే లారీలో ఎక్కించేస్తే, ఆ తర్వాత ఎంత మంచి మిషను పెట్టినా అది ఆర్‌ఏనే.