అస్తంగతుడంటే పోయినవాడు కాదు: మూఢాల మీద అపోహలు - వాస్తవాలు

"అయ్యగారూ, గురువు అస్తంగతుడైండంట. బిడ్డ లగ్గం పెట్టుకున్నం, ఏమన్న కీడా?" మూఢం (గురు, శుక్ర గ్రహాల్లో ఒకటి అస్తంగతమై, లగ్గాలు ఆపుకునే రోజులు) పడితే చాలు, నల్లగొండలోనైనా పాలమూరులోనైనా పంచాంగం ముందేసుకుని కూర్చున్నవాడికి ఈ ప్రశ్న తప్పదు. అడిగే తల్లిదండ్రుల గుబులు అర్థమవుతుంది. విసుగంతా ఆ గుబులును వాట్సాప్‌లో పెంచి పోషించేవాళ్ల మీదే.

అపోహ: అస్తంగతుడంటే గ్రహం పని అయిపోయింది.

వాస్తవం: పెద్దవాళ్లు పోతే పేపర్లో 'అస్తమయం' అని వేస్తారు. దాంతో ఈ మాటకూ చావు వాసన అంటుకుంది. గణితంలో దాని అర్థం ఒక్కటే: గ్రహం సూర్యుడి దాపుకు వచ్చి, ఆ వెలుగులో కంటికి ఆనకుండా పోవడం. రోజూ పడమట కుంకే అస్తమయం వేరు, ఇది వేరు.

ఎంత దగ్గరైతే అస్తంగతం? దీనికి కొలత కాలాంశ. ఒక కాలాంశ అంటే 4 నిమిషాలు. పాత ఖగోళ గణిత గ్రంథం సూర్యసిద్ధాంతం గురువుకు 11, శనికి 15, కుజుడికి 17 చెప్పింది. నల్లగొండలో సూర్యుడు 6 గంటలకు, గురువు 6.40కి అస్తమించారనుకోండి. తేడా 40 నిమిషాలు, అంటే 10 కాలాంశలు. 11కి తక్కువ కాబట్టి గురువు అస్తంగతుడే. అదే 6.48కి అస్తమిస్తే 12 వస్తుంది, మూఢం లేదు. ఇంతకుమించి ఇందులో రహస్యమేమీ లేదు.

శుక్రుడి లెక్క మాత్రం రెండు రకాలు. సూర్యుడికి అవతలి పక్కగా పోయేటప్పుడు బింబం చిన్నగా కనిపిస్తుంది, సూర్యుణ్ణి నిదానంగా దాటుతాడు. అప్పుడు 10 కాలాంశలు, మూఢం రెండు నెలలు దాటుతుంది. మనకూ సూర్యుడికీ నడుమ నుంచి వక్రగతిలో (వెనక్కి నడుస్తున్నట్టు) పోయేటప్పుడు బింబం పెద్దది, 8 చాలు, పది రోజుల్లో తేలిపోతుంది. గురుమూఢం సుమారు నెల. "మూఢమంటే మూడు నెలలు" అని గుడ్డిగా చెప్పేవాళ్లు ఏ గ్రహమో, ఏ పక్కో చూడనే చూడరు.

రెండు పంచాంగాల్లో తేదీలు తేడా వస్తే ఒకటి తప్పని కాదు. ఒకరు దృక్ స్ఫుటం (ఆకాశంలో కనబడే చోటుకు సరిపోయే లెక్క), ఇంకొకరు పాత సిద్ధాంత స్ఫుటం (పాత గ్రంథాల సూత్రాల లెక్క) తీసుకుంటారు. కొందరు మూఢానికి ముందు వార్ధక్యం (గ్రహం ముసలిదైందనే రోజులు), వెనక బాల్యం (మళ్లీ కనబడ్డాక ఇంకా పసిదనే రోజులు) కలుపుతారు. అందుకే ఫంక్షన్ హాలుకు అడ్వాన్సు కట్టకముందే, పెళ్లి చేయించే పురోహితుడు ఏ పంచాంగం పాటిస్తాడో అడగండి. కట్టాక అడిగితే డబ్బు పోయేది మీదే.

బుధ, కుజ, శనులు అస్తంగతులైతే లగ్గాలు ఆగవు. మూఢం చూసేది గురు, శుక్రులకే. కాలానికి కట్టుబడ్డ నామకరణం, అన్నప్రాశనలకు అదీ అడ్డం కాదు. ఆపరేషను మాత్రం మూఢమని వాయిదా వేయకండి, డాక్టరు చెప్పిన రోజే వెళ్లండి.

అపోహ: కావ్యాల్లో ఉదయమంటే తెల్లారగట్ల పొడవడమే.

వాస్తవం: రఘువంశం నాలుగో సర్గలో శరత్తు రాగానే 'ప్రససాదోదయాదంభః కుంభయోనేః' అంటాడు కాళిదాసు. కుంభయోని అంటే అగస్త్యుడు, ఇక్కడ ఆ పేరున్న నక్షత్రం. అగస్త్యుడి ఉదయంతో నీళ్లు తేటపడ్డాయి, రఘువు దండెత్తి వస్తాడన్న దిగులుతో శత్రువుల మనసులు కలకబారాయి. నక్షత్రం రోజూ పొడుస్తూనే ఉంటుంది, నీళ్లు రోజూ తేటపడవు కదా! ఇక్కడ ఉదయమంటే అస్తంగతమై ఉన్న చుక్క సూర్యుడి వెలుగు దాటి మళ్లీ మొదటిసారి వేకువన కనబడటం. దీనికి సూర్యసిద్ధాంతం 13 కాలాంశలు, అంటే 52 నిమిషాలు చెప్పింది. ఈ లెక్క తెలియక 'అగస్త్య మహర్షి పుట్టుక' అని తాత్పర్యం రాసేస్తే శ్లోకం చెడుతుంది.

మన 17 డిగ్రీల అక్షాంశం దగ్గర అగస్త్య నక్షత్రం మే మధ్యలో పడమటి వెలుగులో మరుగై, సుమారు మూడు నెలలు కనబడదు. ఆగస్టు మూడో వారం నుంచి, పొద్దు పొడవడానికి ముప్పావు గంట ముందు, ఆగ్నేయానికి కాస్త దక్షిణంగా, నేలకు దగ్గర్లో వెతకండి. ఎంత ఎక్కినా 20 డిగ్రీలే, చాచిన చేతికి రెండు పిడికిళ్ల ఎత్తు. అందుకే దక్షిణాన గుట్టలు అడ్డంలేని చెరువు కట్ట కావాలి. ముసురు పట్టిన ఏడాదైతే సెప్టెంబరు దాకా ఆగాల్సిందే.