గెలిచిన మర్నాడే రాజీనామాలు: అమెరికా కేబినెట్‌లో రెండో విడత కుర్చీలాట

వైట్‌హౌస్‌లో కేబినెట్ సమావేశాలు జరిగే గది మధ్యలో కోలగా ఉండే పెద్ద మహాగని బల్ల ఒకటి ఉంటుంది. 1970లో అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ బహుమతిగా ఇచ్చిన బల్ల అది. చుట్టూ తోలు కుర్చీలు. ఒక్కో కుర్చీ వీపున చిన్న ఇత్తడి రేకు, దాని మీద ఆ మంత్రి పదవి పేరు, తేదీలు. అధ్యక్షుడి కుర్చీ మిగతావాటికన్నా రెండు అంగుళాలు ఎత్తు. గోడ వారగా ఇంకో వరస కుర్చీలుంటాయి. అక్కడ వైట్‌హౌస్ సిబ్బంది, సలహాదారులు కూర్చుని రాసుకుంటూ ఉంటారు. ఈ రెండో వరసను కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ దానితో పని పడుతుంది.

మంత్రి దిగిపోయేటప్పుడు కుర్చీని అక్కడే వదిలేయడు. శాఖలో పనిచేసినవాళ్లు డబ్బులు పోగేసి ఆ కుర్చీని కొని, వీడ్కోలు కానుకగా ఇవ్వడం ఆనవాయితీ. కుర్చీ కోసం కొట్టుకోవడం మనకీ తెలుసు గానీ, దిగిపోయాక దాన్ని ఇంటికి పట్టుకుపోయే పద్ధతి మాత్రం అక్కడే చూశాను.

ఆ గదిలోంచి కుర్చీలు ఎక్కువగా బయటికి నడిచే కాలం ఒకటుంది. అధ్యక్షుడు రెండోసారి గెలిచిన నవంబరు నుంచి మరుసటి ఏడాది మొదటి రెండు మూడు నెలల దాకా. ఓడిపోయినవాడి మంత్రులు ఇంటికి వెళ్లడంలో వింత లేదు. గెలిచినవాడి మంత్రులు ఎందుకు వెళ్తారు?

చట్టం అయితే వెళ్లమని చెప్పదు. మన దగ్గర ఎన్నికలు అయ్యాక ప్రధాని సహా పాత మంత్రివర్గం రాజీనామా ఇస్తుంది, గెలిచినా సరే కొత్తగా ప్రమాణం చేస్తుంది. అమెరికాలో అలా కాదు. అధ్యక్షుడు మళ్లీ గెలిస్తే ఆయన, ఉపాధ్యక్షుడు మాత్రమే ప్రమాణం చేస్తారు. మంత్రుల నియామకం అలాగే చెల్లుతుంది, సెనేట్ ముందు రెండోసారి నిలబడే పని లేదు. అసలు ఆ దేశ రాజ్యాంగంలో కేబినెట్ అన్న మాటే కనపడదు. శాఖల అధిపతుల దగ్గర రాతపూర్వకంగా అభిప్రాయం అడగవచ్చని మాత్రం ఉంది. నియమించాలంటే సెనేట్ ఒప్పుకోవాలని రాశారు, తీసేయాలంటే ఎవరు ఒప్పుకోవాలో రాయలేదు. ఆ రాయకపోవడమే తర్వాత పెద్ద గొడవ అయింది.

జార్జ్ వాషింగ్టన్ మొదటి కేబినెట్‌లో నలుగురే. విదేశాంగానికి థామస్ జెఫర్సన్, ఖజానాకు అలెగ్జాండర్ హామిల్టన్, యుద్ధ శాఖకు హెన్రీ నాక్స్, అటార్నీ జనరల్‌గా ఎడ్మండ్ రాండాల్ఫ్. జెఫర్సన్‌కీ హామిల్టన్‌కీ ఉప్పూ నిప్పూ. 1793 మార్చిలో రెండో విడత మొదలైంది, ఆ ఏడాది చివరి రోజున జెఫర్సన్ తప్పుకున్నారు. 1794 ఆఖరుకి నాక్స్, 1795 జనవరి ఆఖరుకి హామిల్టన్ వెళ్లిపోయారు. జెఫర్సన్ స్థానంలోకి వచ్చిన రాండాల్ఫ్ మీద ఫ్రెంచి రాయబారితో లోపాయికారీ వ్యవహారం నడిపారన్న ఆరోపణ వచ్చి, 1795 ఆగస్టులో ఆయనా రాజీనామా ఇచ్చారు. ఆ విదేశాంగ మంత్రి పదవి తీసుకోమని వాషింగ్టన్ అంతటివాడు అడిగినా ఒకరి తర్వాత ఒకరు వద్దన్నారు. చివరికి తిమోతీ పికరింగ్‌తో సరిపెట్టుకున్నారు.

తీసేసే అధికారం ఎవరిది అన్న గొడవ 1867లో ముదిరింది. సెనేట్ ఒప్పుకోకుండా మంత్రిని తీసేయకూడదని కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, ఒక చట్టం చేసింది. లింకన్ హత్య తర్వాత అధ్యక్షుడైన ఆండ్రూ జాన్సన్, లింకన్ కాలం నుంచి ఉన్న యుద్ధ మంత్రి ఎడ్విన్ స్టాంటన్‌ను 1868 ఫిబ్రవరిలో తొలగించారు. స్టాంటన్ కదల్లేదు. ఆఫీసు గదిలో తలుపులు బిగించుకుని వారాల తరబడి అక్కడే ఉండిపోయారు. కుర్చీ పట్టుకుని వేలాడటం అన్న మాటకు ఇంతకన్నా అచ్చమైన ఉదాహరణ దొరకదు. ప్రతినిధుల సభ జాన్సన్‌ను అభిశంసించింది, సెనేట్‌లో ఒక్క ఓటు తేడాతో ఆయన పదవి నిలిచింది. స్టాంటన్ అప్పుడు గది ఖాళీ చేశారు. ఆ చట్టాన్ని 1887లో రద్దు చేశారు, తొలగించే అధికారం అధ్యక్షుడిదేనని 1926లో సుప్రీంకోర్టు తేల్చింది.

చట్టం రద్దయిన నాటి అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్. ఈయన కథ ఈమధ్య మళ్లీ అందరి నోట్లో నానింది, ఎందుకంటే ట్రంప్‌కి ముందు నాలుగేళ్ల విరామం ఇచ్చి తిరిగొచ్చిన అధ్యక్షుడు ఈయన ఒక్కడే. 1889లో దిగిపోయి 1893లో మళ్లీ వచ్చారు. మొదటి విడత మంత్రుల్లో ఒక్కరినీ మళ్లీ కేబినెట్‌లోకి తీసుకోలేదు. పాత విదేశాంగ మంత్రి థామస్ బేయర్డ్‌ను రాయబారిగా లండన్ పంపించారు. మరి కొత్త యుద్ధ మంత్రి ఎవరు? మొదటి విడతలో తన ఆంతరంగిక కార్యదర్శిగా ఉన్న డేనియల్ లామాంట్. తపాలా శాఖ పాత లా ప్రాక్టీసు భాగస్వామి విల్సన్ బిసెల్‌కి ఇచ్చారు. పేరున్నవాళ్ల చోట పక్కన పనిచేసినవాళ్లు రావడం అన్నమాట.

అప్పట్లో రెండో విడత అంటే ఆఖరిదనేమీ లేదు. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ నాలుగుసార్లు గెలిచారు, కార్మిక మంత్రి ఫ్రాన్సిస్ పెర్కిన్స్, అంతర్గత వ్యవహారాల మంత్రి హెరాల్డ్ ఇక్స్ ఆ పన్నెండేళ్లూ ఆయనతోనే ఉన్నారు. 1951లో 22వ సవరణ వచ్చాక లెక్క మారింది. రెండుసార్లకు మించి గెలవడానికి లేదు. నా ఉద్దేశంలో అసలు మలుపు ఇదే. మొదటిసారి కేబినెట్ కూర్చేటప్పుడు అధ్యక్షుడు ఎన్నో అప్పులు తీర్చాలి: పార్టీలో వర్గాలు, ఓడిన ప్రత్యర్థులు, ఓట్లు తెచ్చిన రాష్ట్రాలు. రెండోసారి గెలిచాక మళ్లీ ఎన్నిక లేదు, ఎవరి మొహమాటమూ లేదు. ఐసెన్‌హోవర్ 1957 జనవరిలో మంత్రుల్ని పెద్దగా కదపలేదు. నిక్సన్ మాత్రం ఊరుకోలేదు.

1972 నవంబరు 7న నిక్సన్ 50 రాష్ట్రాల్లో 49 గెలిచారు. 520 ఎలక్టోరల్ ఓట్లు. మర్నాడు వైట్‌హౌస్ సిబ్బందిని పిలిచారు. రాత్రంతా సంబరాలు చేసుకుని వచ్చినవాళ్లు వాళ్లు. నిక్సన్ నాలుగు ముక్కల్లో థాంక్స్ చెప్పి బయటికి వెళ్లిపోయారు. చీఫ్ ఆఫ్ స్టాఫ్ హాల్డెమన్ అందుకుని, అందరూ రాజీనామా పత్రాలు ఇవ్వండి అన్నారు. ఆ తర్వాత మంత్రులకూ అదే మాట. గెలిపించినందుకు ఇదా బహుమానం అని చాలామంది నొచ్చుకున్నారు. బ్రిటన్ ప్రధాని డిజ్రేలీ ప్రత్యర్థుల్ని ఆరిపోయిన అగ్నిపర్వతాలతో పోల్చారట, నిక్సన్‌కి ఆ పోలిక మహా ఇష్టం. రెండో విడతలో అలసిపోయినవాళ్లు తన చుట్టూ ఉండకూడదన్నది ఆయన పట్టుదల. తర్వాత కొన్ని వారాలు క్యాంప్ డేవిడ్‌లో కూర్చుని, ఒక్కొక్కరినీ పిలిపించుకుని ఎవరు ఉండాలో ఎవరు పోవాలో తేల్చారు.

రక్షణ, గృహ నిర్మాణ, రవాణా, కార్మిక, వాణిజ్య శాఖల మంత్రులు వెళ్లిపోయారు. విదేశాంగ మంత్రి విలియం రోజర్స్‌ను కొన్నాళ్లు ఉంచారు, 1973 సెప్టెంబరులో ఆ కుర్చీ వైట్‌హౌస్‌లో జాతీయ భద్రతా సలహాదారు హెన్రీ కిసింజర్‌కి వచ్చింది. పైకి కనపడని పని ఇంకోటి జరిగింది: వైట్‌హౌస్ కుర్రాళ్లను శాఖల్లో రెండో స్థానాల్లోకి పంపడం. సమాచారం బయటికి పొక్కకుండా చూసే రహస్య బృందాన్ని నడిపిన ఈగిల్ క్రోగ్ రవాణా శాఖలో అండర్ సెక్రటరీ అయ్యారు. శాఖల్లో అధికారులు తన మాట వినరని నిక్సన్ అనుమానం. అందుకే మంత్రి పక్కనే తన మనిషి.

ఇదంతా వాటర్‌గేట్‌లో, అంటే ప్రత్యర్థి పార్టీ ఆఫీసులో నిక్సన్ మనుషులు దొంగచాటుగా చొరబడిన కుంభకోణంలో, కొట్టుకుపోయింది. అందరి రాజీనామాలూ వసూలు చేసిన హాల్డెమన్ ఆరు నెలలు తిరక్కుండానే, 1973 ఏప్రిల్ 30న తన రాజీనామా తాను ఇచ్చుకున్నారు. న్యాయ శాఖ చూసే అటార్నీ జనరల్ క్లైన్‌డీన్స్ట్ కూడా అదే రోజు. క్రోగ్ జైలుకి వెళ్లారు. ఇలియట్ రిచర్డ్‌సన్ అన్న ఆయన ఆ ఒక్క ఏడాదిలో మూడు కుర్చీలు చూశారు. జనవరిలో ఆరోగ్య, విద్య, సంక్షేమ శాఖ నుంచి రక్షణకు, మే నెలలో రక్షణ నుంచి అటార్నీ జనరల్‌గా. అక్టోబరు 20న వాటర్‌గేట్ ప్రత్యేక ప్రాసిక్యూటర్ ఆర్చిబాల్డ్ కాక్స్‌ను తీసేయమని నిక్సన్ చెబితే, తీసేయను అని రాజీనామా ఇచ్చి వెళ్లిపోయారు. రాజీనామా అడిగి మరీ మొదలుపెట్టిన విడతలో, అడగకుండా ఇచ్చిన ఈ రాజీనామాయే జనానికి గుర్తుండిపోయింది. గెలిచిన మర్నాడు అలా అడగడం పొరపాటని నిక్సన్ తర్వాత తానే ఒప్పుకున్నారు.

1979 జులైలో జిమ్మీ కార్టర్ విడత మధ్యలోనే మంత్రులందరి దగ్గరా రాజీనామాలు తీసుకున్నారు, ఐదుగురు వెళ్లిపోయారు, మరుసటి ఏడాది ఆయనే ఓడిపోయారు. దాంతో మూకుమ్మడి రాజీనామాలంటే అధ్యక్షులకే టెన్షన్ పట్టుకుంది. 1984లో అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ కూడా 49 రాష్ట్రాలు గెలిచారు గానీ నిక్సన్ దారిలో వెళ్లలేదు. ఒక చిత్రమైన మార్పిడి మాత్రం జరిగింది: చీఫ్ ఆఫ్ స్టాఫ్ జేమ్స్ బేకర్, ఖజానా మంత్రి డొనాల్డ్ రీగన్ (ఈయన వేరే రీగన్) ఒకరి ఉద్యోగం ఒకరు తీసుకున్నారు. బేకర్ ఖజానాలో రాణించారు. డొనాల్డ్ రీగన్‌కి అధ్యక్షుడి భార్య నాన్సీతో పొసగలేదు, ఇరాన్‌కి రహస్యంగా ఆయుధాలు అమ్మి ఆ డబ్బు నికరాగువా తిరుగుబాటుదారులకు మళ్లించిన ఇరాన్-కాంట్రా గొడవలో 1987లో పదవి పోయింది. వైట్‌హౌస్ సలహాదారు ఎడ్ మీస్ అటార్నీ జనరల్ అయ్యారు. గృహ నిర్మాణ మంత్రి శామ్యూల్ పియర్స్ ఒక్కరే ఎనిమిదేళ్లూ అదే కుర్చీలో ఉన్నారు.

నిక్సన్ అనుకున్నదాన్ని చప్పుడు చేయకుండా చేసి చూపించింది జార్జ్ డబ్ల్యూ బుష్. 2004లో గెలిచాక 15 మంది శాఖాధిపతుల్లో తొమ్మిది మంది మారారు. ఎవరినీ గదిలో కూర్చోబెట్టి రాజీనామా అడగలేదు. అటార్నీ జనరల్ జాన్ యాష్‌క్రాఫ్ట్ పోలింగ్ రోజు తేదీతో ఐదు పేజీల లేఖ రాశారు, విషయం బయటికి పొక్కకూడదని టైపు చేయించకుండా స్వయంగా చేత్తో. విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ కథ వేరు. ఇరాక్ యుద్ధం మీద రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్‌తో, ఉపాధ్యక్షుడు చేనీతో ఆయనకు పడలేదు. ఒక్క విడతే ఉంటానని ముందు నుంచీ అంటూనే ఉన్నా, చీఫ్ ఆఫ్ స్టాఫ్ ఆండ్రూ కార్డ్ ఫోన్ చేసి రాజీనామా అడిగారని తర్వాత బయటపడింది. పొమ్మనలేక పొగబెట్టడం అంటాం కదా, ఇక్కడ పొగ కూడా అక్కర్లేకపోయింది.

వాళ్ల స్థానాల్లోకి ఎవరొచ్చారో చూడండి. పావెల్ కుర్చీలోకి జాతీయ భద్రతా సలహాదారు కాండలీజా రైస్. యాష్‌క్రాఫ్ట్ కుర్చీలోకి వైట్‌హౌస్ లాయరు అల్బర్టో గొంజాలెస్. విద్యా శాఖకు దేశీయ విధాన సలహాదారు మార్గరెట్ స్పెల్లింగ్స్. ముగ్గురూ గోడ వారగా ఉన్న వరస నుంచి బల్ల దగ్గరికి వచ్చినవాళ్లే. రమ్స్‌ఫెల్డ్ మాత్రం మిగిలారు. ఇరాక్‌లో అబూ గ్రయిబ్ జైల్లో ఖైదీల్ని హింసించిన ఫొటోలు బయటికి వచ్చినప్పుడు ఆయన రెండుసార్లు రాజీనామా ఇస్తానన్నా బుష్ వద్దన్నారు. 2006 మధ్యంతర ఎన్నికల్లో పార్టీ ఓడాక మర్నాడే సాగనంపారు. మార్చాల్సినప్పుడు మార్చనిది ఆ ఒక్క కుర్చీయేనని రిపబ్లికన్లే వాపోయారు. ఎనిమిదేళ్లూ బుష్‌తో ఉన్నది కార్మిక మంత్రి ఎలైన్ చావో ఒక్కరే.

ఒబామా రెండో విడతలో వెళ్లినవాళ్లు చాలావరకు ఇష్టపడే వెళ్లారు. హిల్లరీ క్లింటన్ ఒక్క విడతేనని ముందే చెప్పారు, ఖజానా మంత్రి టిమోతీ గైట్నర్ ఎప్పుడెప్పుడు ఇంటికి వెళ్దామా అని చూస్తున్నారు. గైట్నర్ చోటు చీఫ్ ఆఫ్ స్టాఫ్ జాక్ లూకి దక్కింది. ఖజానా మంత్రి సంతకం డాలరు నోట్ల మీద పడాలి, ఈయన సంతకమేమో జిలేబీ చుట్టల్లా వరసగా సున్నాలు. నియామకం ప్రకటిస్తూనే ఒబామా దాని మీద జోకులేశారు. క్లింటన్ స్థానానికి అనుకున్న ఐక్యరాజ్య సమితి రాయబారి సుసాన్ రైస్, లిబియాలోని బెంఘాజీలో అమెరికా దౌత్య కార్యాలయం మీద జరిగిన దాడి విషయంలో సెనేటర్లు పట్టుబట్టడంతో 2012 డిసెంబరులో తప్పుకున్నారు. ఆర్నెల్లు తిరగ్గానే సెనేట్ అనుమతి అక్కర్లేని జాతీయ భద్రతా సలహాదారు పదవిలోకి వచ్చారు.

ఇక ట్రంప్. మొదటి విడతలో విదేశాంగ మంత్రి టిల్లర్సన్‌కీ, రక్షణ మంత్రి ఎస్పర్‌కీ ఉద్వాసన కబురు ట్వీట్‌తోనే వచ్చింది. రవాణా మంత్రిగా ఉన్న చావో, బుష్ దగ్గర ఎనిమిదేళ్లు కదలని ఆవిడే, 2021 జనవరి 6 దాడి మర్నాడు రాజీనామా చేశారు. విద్యా మంత్రి బెట్సీ డివోస్ కూడా అదే రోజు. 2024లో మళ్లీ గెలిచిన నాలుగు రోజులకే ట్రంప్ సోషల్ మీడియాలో ఒక పోస్టు పెట్టారు: మొదటి విడతలో విదేశాంగ మంత్రిగా చేసిన మైక్ పాంపియోను, ఐక్యరాజ్య సమితి రాయబారిగా చేసిన నిక్కీ హేలీని పిలవడం లేదని. పిలవనివాళ్ల పేర్లు ముందు చెప్పడం కొత్త పద్ధతి. 2025లో 15 శాఖలకు ఎంచుకున్నవాళ్లలో మొదటి విడతలో శాఖ నడిపిన మంత్రి ఒక్కరూ లేరు, అచ్చం క్లీవ్‌లాండ్ లాగానే. అటార్నీ జనరల్ అవుతారనుకున్న మాట్ గేట్జ్ మధ్యలోనే తప్పుకున్నారు. విదేశాంగానికి మార్కో రూబియోకి సెనేట్‌లో 99 ఓట్లు, వ్యతిరేకంగా సున్నా. రక్షణకు పీట్ హెగ్‌సెత్ అయితే 50-50 దగ్గర ఆగితే ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ ఓటుతో గట్టెక్కారు. మన ఉషా చిలుకూరి భర్త ఆ రాత్రి సెనేట్‌కి వచ్చి ఓటేయకపోతే ఆ కుర్చీ హెగ్‌సెత్‌కి దక్కేది కాదు.

తిరిగొచ్చినవాళ్లు లేకపోలేదు. మొదటి విడతలో ప్రభుత్వ చిన్న వ్యాపారాల సంస్థ నడిపిన లిండా మక్‌మాన్‌కి విద్యా శాఖ వచ్చింది. బడ్జెట్ కార్యాలయానికి మళ్లీ రస్సెల్ వోట్. 2020లో వైట్‌హౌస్ దేశీయ విధాన మండలిని తాత్కాలికంగా చూసుకున్న బ్రూక్ రోలిన్స్‌ను సెనేట్ 2025 ఫిబ్రవరి 13న వ్యవసాయ మంత్రిగా 72-28 ఓట్లతో ఆమోదించింది.