వర్డ్ ప్రాబ్లమ్స్ దగ్గర ఆగిపోయే పిల్లలు: అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో అభ్యసన వైకల్యం ఉన్న పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. వర్డ్ ప్రాబ్లమ్స్, అంటే మాటల్లో కథలా ఇచ్చే లెక్కలు, వీళ్లకు ఎందుకు రావో, ఎలా నేర్పాలో చెబుతూ తల్లిదండ్రులు, తోటి టీచర్లు తరచూ అనే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి వల్ల పిల్లలు నష్టపోతున్నారు కాబట్టి రాస్తున్నాను.

అపోహ: "వాడికి బద్ధకం. మనసు పెడితే చేయగలడు."

వాస్తవం: లెక్కలకు సంబంధించిన ఈ ఇబ్బందికి డిస్కాల్క్యులియా అని పేరుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా దీన్ని గుర్తించింది. ఇలాంటి పిల్లల్లో చాలామందికి మూడో వాక్యానికి వచ్చేసరికి మొదటి వాక్యం గుర్తుండదు. మనసు పెట్టినా అంతే.

అపోహ: "‘మొత్తం’ అంటే కూడిక, ‘మిగిలాయి’ అంటే తీసివేత. ఇవి గుర్తుపెట్టుకుంటే చాలు."

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. ‘లక్ష్మి పలమనేరు మార్కెట్లో 25 బాక్సుల టమోటాలు అమ్మింది. ఇంకా 10 బాక్సులు మిగిలాయి. మొదట ఎన్ని తెచ్చింది?’ అని ఇవ్వండి. ‘మిగిలాయి’ కనబడగానే 25లోంచి 10 తీసేసి 15 అని రాస్తారు. జవాబు 35. ఆ పిల్లలకు కూడిక, తీసివేత రెండూ వచ్చు. మనం చెప్పిన చిట్కానే వాళ్లచేత తప్పు చేయించింది.

చిట్కాకు బదులు, లెక్కలో ఏం జరుగుతోందో చూడటం నేర్పాలి. అమెరికాలో లిన్ ఫుక్స్, ఆశా జితేంద్ర లాంటి పరిశోధకులు ఇలాంటి పిల్లలతోనే ఏళ్ల తరబడి పనిచేసి ఈ పద్ధతికి మంచి ఫలితాలు చూపించారు. కూడిక, తీసివేత లెక్కలు ముఖ్యంగా మూడు రకాలు: భాగాలు కలిసి మొత్తం అయ్యేవి, ఉన్నది పెరిగేవి లేదా తగ్గేవి, రెండిటిని పోల్చేవి. ఒక్కో రకానికి ఒక్కో బొమ్మ.

మూడిట్లో పోల్చే లెక్కలే కష్టం. ‘రవి దగ్గర 12 మామిడికాయలున్నాయి. గీత దగ్గర ఉన్నవాటి కంటే ఇవి 5 ఎక్కువ. గీత దగ్గర ఎన్ని?’ ఈ రకానికి బొమ్మ అంటే ఒక్కొక్కరికి ఒక్కో పొడవాటి పట్టీ గీయడం. ముందు అంకెలు కనబడకుండా వాటి మీద కాగితం ముక్కలు పెట్టేస్తాను.

"ఎవరి దగ్గర ఎక్కువున్నాయి రా?"

"రవి దగ్గర మేడమ్."

"అయితే ఎవరి పట్టీ పొడుగ్గా గీయాలి?"

రవి పట్టీ పొడుగ్గా, దాని కిందే గీత పట్టీ పొట్టిగా గీస్తాడు. అప్పుడు కాగితాలు తీస్తాం. 12 పొడుగు పట్టీలోకి, 5 తేడా ఉన్న చోటికి వెళ్తాయి. ఇక ‘కూడాలా, తీసేయాలా మేడమ్?’ అని అడగాల్సిన పని ఉండదు. ఒక్కో వాక్యం చదివి, ఆగి, బొమ్మలో పెట్టించండి. తొందర పెట్టొద్దు.

అపోహ: "ముందు ఎక్కాలు పూర్తిగా రానివ్వండి."

వాస్తవం: అలా ఆగితే కొందరికి ఆ రోజే రాదు. పదిలోపు అంకెలతో ఇవాళే మొదలుపెట్టండి. పెద్ద లెక్కలకు ఎక్కాల పుస్తకం పక్కన పెట్టుకోనివ్వండి.

అపోహ: "లెక్క చదివి వినిపిస్తే జవాబు చెప్పేసినట్టే."

వాస్తవం: మనం చూడాల్సింది లెక్క అర్థమైందా లేదా అని. చదవడమే కష్టమైన పిల్లలకు చదివి వినిపించాల్సిందే. ఇంగ్లిష్ మీడియం పిల్లలైతే లెక్కలో ఏం జరిగిందో ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పించండి. ఎక్కడ తడబడుతున్నారో అప్పుడే తెలుస్తుంది.

అపోహ: "ఒకే రకం లెక్కలు ఇరవై చేయిస్తే వచ్చేస్తాయి."

వాస్తవం: మొదట్లో ఒకే రకం ఇవ్వడం మంచిదే. కానీ పదో లెక్కకు పిల్లలు చదవడం మానేసి, అంకెలు తీసుకుని పైన చేసినట్టే చేసేస్తారు. ఒక రకం పట్టుబడ్డాక పాతవి కలిపి ఇవ్వండి. జవాబు కంటే ముందు ‘ఇది ఏ రకం?’ అని అడగండి.