ఐస్ ఫ్యాక్టరీలు, రొయ్యల ప్లాంట్లు: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: చల్లబరచడానికి వాడే అమ్మోనియా గాలికంటే తేలిక, లీకైనా పైకి పోతుంది.

వాయువైతే తేలికే. కానీ రిసీవర్‌లో, అంటే అమ్మోనియాను నిల్వ ఉంచే ట్యాంకులో, ఒత్తిడి మీదుండేది ద్రవం. అది బయటపడితే మైనస్ 33 డిగ్రీల చలితో, సన్నటి తుంపరలతో, గాలిలోని తేమతో కలిసి తెల్లటి పొగలా నేలబారున పాకుతుంది. భీమవరం, నరసాపురం వైపు గాలిలో తేమకు కొదవేముంది!

అపోహ: సేఫ్టీ పరికరాలు పెట్టించాం, ఇక భయం లేదు.

1984లో భోపాల్‌లోనూ పెట్టారు. చల్లబరిచే యూనిట్‌ను నెలల ముందే ఆపేశారు, విషవాయువును కాల్చేసే ఫ్లేర్ టవర్ మరమ్మతులో ఉంది, విషవాయువును కడిగి శుభ్రం చేసే స్క్రబ్బర్ ఆ ధాటికి ఆగలేదు. అసలు 40 టన్నుల మిథైల్ ఐసోసైనేట్‌ను ఒకే ట్యాంకులో ఎందుకుంచారన్నది ముందు అడగాల్సిన ప్రశ్న. అందుకే నేను ఓనర్‌ని మొదట అడిగేది అలారం గురించి కాదు, అమ్మోనియా ఎంత నింపుతారని. అమ్మోనియాను మెషిన్ రూమ్ దాటనివ్వకుండా, రొయ్యలు వలిచే హాలుకు దాంతో చల్లబరిచిన గ్లైకాల్ ద్రవాన్ని పంపితే ఆడవాళ్ల నెత్తిమీద అమ్మోనియా పైపులే ఉండవు. కరెంటు బిల్లు కాస్త పెరుగుతుంది, ఆ మాట దాచను. సరుకును వేగంగా గడ్డకట్టించే బ్లాస్ట్ ఫ్రీజర్లకు మాత్రం ఇది అన్నిచోట్లా కుదరదు.

అపోహ: పైపుకి ఇన్సులేషన్ ఉంది, తుప్పు పట్టదు.

పైతొడుగు చిరిగితే తడి లోపలే నిలిచిపోతుంది. ఉప్పుగాలిలో తుప్పు కంటికి కనపడకుండా పైపుని తినేస్తుంది. 2014లో కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపులైనును తుప్పు లోపలివైపు నుంచి తినేసింది. ఇరవై మందికి పైగా పోయారు. గోడ మందం కొలవడానికి తెరిచే చోట్లు డ్రాయింగులోనే పెట్టాలి.

అపోహ: వ్యర్థాల ట్యాంకులో గ్యాస్ ఉంటే వాసనే చెబుతుంది.

హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కే మొద్దుబారుతుంది, ఆపైన వాసనే తెలియదు. 2017 మార్చిలో మొగల్తూరు దగ్గర ఆక్వా ప్లాంటు ట్యాంకులో ఐదుగురు చనిపోయారు. మాస్కులిచ్చి దింపడం నాకు నచ్చదు. అడుగు వాలుగా కట్టి, పంపుని గొలుసుతో పైకి లాగేలా, పైనుంచే నీళ్లు కొట్టి కడిగేలా చేస్తే మనిషి దిగే పనే తగ్గుతుంది.

అపోహ: విదేశీ డిజైన్ తెచ్చాం, ఇక్కడా అంతే.

కోనసీమలో చాలాచోట్ల కాలవగట్టు రోడ్డు ఒక్కటే. ఫైరింజను వచ్చేదీ జనం పారిపోయేదీ దాని మీదే. పగలు సముద్రం నుంచి వీచే గాలి రాత్రికి తిరగబడుతుంది. అందుకే రెండు దిక్కులా గేట్లుండాలి, షెడ్డు కప్పు మీద గాలి ఎటు వీస్తోందో చూపే గాలిసంచీ కూడా.